ఓయూలు కదిపే ముందు ఇన్‌హెరిటెన్స్, ఆడిట్ ఫ్లాగ్‌లు చూసుకోండి

యాక్టివ్ డైరెక్టరీలో (విండోస్ నెట్‌వర్క్‌లోని యూజర్లు, కంప్యూటర్ల చిట్టా) ఓయూలు (ఆర్గనైజేషనల్ యూనిట్లు, వాటిని పెట్టుకునే ఫోల్డర్ల లాంటివి) సర్దే పని పెట్టుకున్నారా? అయితే కదిపే ఓయూకి, ఇప్పుడు దాని పైనున్న ఓయూకి, అది వెళ్లబోయే చోటుకి, ఈ మూడింటికీ పర్మిషన్లు ముందే ఫైల్‌లోకి తీసి పెట్టుకోండి. డీఎస్‌యాకిల్స్ కమాండ్‌కి స్లాష్ ఏ ఇస్తే ఆడిట్ ఎంట్రీలు (ఎవరేం చేస్తే లాగ్‌లో రాయాలో చెప్పేవి) కూడా వస్తాయి. పవర్‌షెల్‌లో గెట్-యాకిల్ అయితే ఆడిట్ స్విచ్ మర్చిపోకండి, అది లేకపోతే డాకిల్ (ఎవరికి ఏ హక్కుందో చెప్పే జాబితా) ఒక్కటే వస్తుంది, సాకిల్ (ఆడిట్ ఎంట్రీల జాబితా) రాదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి శనివారం రాత్రి యూజర్ల ఓయూ ఒకటి ఇంకోదాని కిందికి మార్చాను. సోమవారం తొమ్మిదింటికల్లా హెల్ప్‌డెస్క్ నుంచి ఫోన్లు, పాస్‌వర్డ్ రీసెట్ కొడితే యాక్సెస్ డినైడ్. ఆ హక్కు పాత పై ఓయూ నుంచి దిగుతూ ఉండేది (ఇన్‌హెరిటెన్స్ అంటే ఇదే), కదపగానే పోయింది. అది అరగంటలో సరిచేశాం. అసలు దెబ్బ నాలుగు రోజులకి తెలిసింది. ఆ ఓయూ మీద డెలిగేషన్ (ఎవరికి ఏ పని అప్పగించారో ఆ హక్కులు) ఎవరో మార్చారు, ఎవరా అని లాగ్ వెతికితే 5136 ఈవెంట్ (ఆబ్జెక్టు మారిందని చెప్పే రికార్డు) ఒక్కటీ లేదు, ఎందుకంటే ఆడిట్ ఎంట్రీ కూడా పాత చోటు నుంచే వచ్చేది. అది ఎవరి పనో ఈరోజుకీ తెలియదు.

అందుకే ప్రతి ఎంట్రీలో ఫ్లాగ్‌లు (ఎస్‌డీడీఎల్ రూపంలో కనిపించే రెండక్షరాల గుర్తులు) చదవండి. ఐడీ ఉంటే పైనుంచి వచ్చిందని, అంటే కదిపితే పోవచ్చని. సీఐ ఉంటే కింది ఆబ్జెక్టులకి దిగుతుంది, ఐఓ కూడా ఉంటే ఆ ఓయూకి మాత్రం వర్తించదు, ఎన్‌పీ ఉంటే ఒక్క మెట్టు దిగి ఆగిపోతుంది. ఎస్ఏ అంటే సక్సెస్, ఎఫ్ఏ అంటే ఫెయిల్యూర్ ఆడిట్. పైనుంచి డినై వస్తోంది కదా అని ధీమాగా ఉండకండి, ఆబ్జెక్టు మీద నేరుగా ఇచ్చిన అలౌ దాని కంటే ముందు లెక్కలోకి వస్తుంది.

ఇన్‌హెరిటెన్స్ ఆపాల్సి వస్తే వచ్చిన ఎంట్రీలని సొంతవిగా మార్చమనండి, తీసేయమనకండి. పర్మిషన్స్ ట్యాబ్‌లో ఆపితే ఆడిటింగ్ ట్యాబ్‌లో ఆగదు, రెండూ వేర్వేరు. డొమైన్ అడ్మిన్స్ లాంటి గ్రూపుల్లో ఉన్న అకౌంట్ల మీద చేత్తో ఏం మార్చినా 60 నిమిషాలకోసారి అడ్మిన్‌ఎస్‌డీహోల్డర్ (ఆ అకౌంట్ల పర్మిషన్లకి మూసలాంటి ఆబ్జెక్టు) నకలు వచ్చి పడుతుంది, కాబట్టి అక్కడ టైమ్ వృథా చేసుకోకండి.

ఆడిట్ పెట్టేటప్పుడు డొమైన్ పైన ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఆడిట్ ఎంట్రీ పెట్టి వదిలేయకండి, 4662 ఈవెంట్లతో (ఆబ్జెక్టుని ముట్టుకున్నప్పుడు పడేవి) సెక్యూరిటీ లాగ్ గంటల్లో నిండిపోయి పాతవి చెరిగిపోవచ్చు. రాయడం, డిలీట్, పర్మిషన్ మార్పు, ఓనర్ మార్పు, ఇవి చాలు. సాకిల్ ఉన్నంత మాత్రాన లాగ్ రాదు, డైరెక్టరీ సర్వీస్ చేంజెస్ ఆడిట్ పాలసీ కూడా ఆన్‌లో ఉండాలి, ఆడిట్‌పోల్ కమాండ్‌తో ప్రతి డీసీ (డొమైన్ కంట్రోలర్ సర్వర్) మీదా చూడండి.

కదిపిన రాత్రే కొత్త చోట ఒక టెస్ట్ యూజర్ డిస్క్రిప్షన్ మార్చి 5136 పడిందో లేదో చూసుకోండి. ఆ మార్పు ఏ డీసీ మీద చేశారో ఆ డీసీ లాగ్‌లోనే వెతకండి, ఇంకో డీసీలో అది కనపడదు.