పప్పు ఉడకడం లేదా? ముందు నీళ్ళ సంగతి చూడండి

పప్పు పలుకు పలుకుగా దిగిందంటే ఇంట్లో అందరూ వండినవాళ్ళనే అంటారు. నీళ్ళు తక్కువ పోశావనో, ఇంకో రెండు విజిల్స్ రానివ్వాల్సిందనో. మా పొదిలిలో గానీ, కనిగిరి, దర్శి వైపు గానీ ఎవరైనా పప్పు ఉడకట్లేదని వస్తే నేను అడిగే మొదటి మాట ఒక్కటే: ఏ నీళ్ళు పోశారు?

మా పై వాటాలో అద్దెకున్న అమ్మాయిది రాజమండ్రి. కాపురానికి వచ్చిన కొత్తలో ఓ రోజు గిన్నె పట్టుకునే కిందికి దిగి వచ్చింది.

"చూడండక్కా, ఏడు విజిల్స్ పెట్టాను. అయినా బద్దలు బద్దలుగానే ఉన్నాయి. ఇదే పప్పు మా ఇంట్లో మూడు విజిల్స్‌కే మెత్తగా అయిపోతుంది. రోజూ ఇదే టెన్షన్."

"పప్పు ఇక్కడ కొన్నావా?"

"లేదక్కా, మా నాన్న పంపించారు. కుక్కర్ కూడా అక్కడి నుంచి తెచ్చుకున్నదే."

పప్పు అదే, కుక్కర్ అదే, చెయ్యీ అదే. అక్కడ గోదావరి నీళ్ళు, ఇక్కడ బోరు నీళ్ళు. ఆ పూట తనకు చేసి చూపించిందే మీకూ చెబుతున్నాను, అనుమానం ఉన్నవాళ్ళు మీ ఇంట్లో చేసి చూసుకోండి. ఒకే డబ్బాలోంచి రెండు గుప్పిళ్ళ పప్పు తీసి, రెండు చిన్న స్టీలు గిన్నెల్లో వేయండి. ఒకదాంట్లో బోరు నీళ్ళు, రెండో దాంట్లో తాగే క్యాన్ నీళ్ళు, ఒకే కొలతకి పోయండి. రెండూ అరగంట నాననిచ్చి, ఒకే కుక్కర్లో పక్కపక్కన పెట్టి ఉడికించండి. మూత తీసి వేళ్ళతో నలిపి చూడండి. ఆ రోజు క్యాన్ నీళ్ళ గిన్నెలో పప్పు గరిటె తగిలితే చాలు విడిపోయింది. బోరు నీళ్ళ గిన్నెలో బద్ద అంచులు మాత్రం కరిగి, మధ్యలో గట్టి పలుకు అలాగే నిలిచింది. పైన తేరుకున్న నీళ్ళు పలచగా, పప్పు అడుగున వేరుగా ఉంది. ఆ అమ్మాయి ముఖం చూడాలి మీరు, తప్పు తన చేతిది కాదని తెలిసేసరికి ఎంత తేలికపడిందో!

కారణం ఇది. పప్పు బద్దలో కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. మామూలు నీళ్ళలో వేడికి అది కరిగిపోతుంది, బద్ద విడిపోతుంది. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌కి పట్టుకుని దాన్ని గట్టిపరుస్తాయి. అప్పుడు ఎన్ని విజిల్స్ పెట్టినా గ్యాసు ఖర్చే. సబ్బు సరిగ్గా నురగ రాకపోయినా, నీళ్ళు కాచే గిన్నెకు తెల్లగా గార పట్టినా మీ ఇంట్లోవి అలాంటి నీళ్ళే అనుకోవచ్చు.

అందుకని పప్పు నానబెట్టేందుకూ, ఉడికించేందుకూ తాగే నీళ్ళే వాడండి. కడగడానికి ఏ నీళ్ళయినా పర్వాలేదు. కప్పు పప్పుకి మూడు కప్పుల నీళ్ళు, నానబెట్టడానికి ఇంకో రెండు. ఇరవై లీటర్ల క్యాన్‌లో ఇదెంత? "అంత ఖరీదు పెట్టి కొన్న నీళ్ళు వంటకా" అనేవాళ్ళు మా వీధిలో చాలామంది ఉన్నారు. వాళ్ళకు నేను ఇంకో మాట కూడా గట్టిగా చెబుతాను. మా వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగడానికి మంచినీళ్ళు తెచ్చుకుని, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్ళతో వండితే ఆ ఫ్లోరైడ్ తిండితో పాటు లోపలికి పోతూనే ఉంటుంది. మరగబెడితే పోతుందనుకోకండి. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఫ్లోరైడ్ చిక్కబడుతుందే తప్ప తగ్గదు. చిన్నపిల్లలున్న ఇళ్ళలో అయితే వంటకి కూడా శుద్ధి చేసిన నీళ్ళే వాడమని బతిమాలి చెబుతాను. ఫ్లోరైడ్ బాధ లేని ఊళ్ళలో, నీళ్ళు గార పట్టేవి మాత్రమే అయితే, పది నిమిషాలు మరిగించి చల్లార్చి, తెల్లటి మడ్డి అడుగుకు దిగాక పైనీళ్ళు వంచుకోండి, చాలావరకు పనవుతుంది.

వంటసోడా చిటికెడు వేస్తే పప్పు ఇట్టే ఉడుకుతుందని చాలామంది చెబుతారు. ఉడికే మాట నిజమే. కానీ పప్పులో ఉండే బి1 విటమిన్ సోడాకి నాశనమైపోతుంది, రుచి కూడా మారుతుంది. రోజూ తినే కూరకి రోజూ సోడా వేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

నీళ్ళు బాగానే ఉన్నా ఉడకకపోతే పప్పు పాతదై ఉంటుంది. ఎండాకాలం వేడిలో, వానాకాలం చెమ్మలో నెలల తరబడి ఉన్న కందిపప్పు బిరుసెక్కుతుంది, దాన్ని పారేయక్కర్లేదు, అరగంట బదులు రెండు గంటలు నానబెడితే దారికొస్తుంది. కంది వానాకాలం మొదట్లో వేసే పంట. చలికాలంలో కోతకొచ్చి సంక్రాంతి దాటాక కొత్త పప్పు కొట్లలోకి దిగుతుంది. మా ఇంట్లో ఏడాది పప్పు అప్పుడే కొని, రెండు రోజులు ఎండబెట్టి, చల్లారాక ఎండుమిరపకాయలు వేసి డబ్బాలకెత్తుతాం. వేడి మీదే మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది, జాగ్రత్త. కొనేటప్పుడు తళతళా మెరిసే పాలిష్ పప్పు కన్నా కాస్త మసకగా, పొడి పొడిగా ఉన్నదే తీసుకుంటాను. మా ఆడపడుచు వాళ్ళు తాండూరు పక్కన ఉంటారు. అక్కడి కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేకమైన సరుకని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. వాళ్ళు వచ్చినప్పుడల్లా తెచ్చే పప్పు వాసనే వేరు, అది మాత్రం ముద్దపప్పుకే దాస్తాను.

ఇక మూడోది పులుపు. ఉప్పు ముందేస్తే ఉడకదని అంటారు గానీ, అసలు అడ్డం పడేది చింతపండు, గోంగూర, చుక్కకూర, మామిడికాయ లాంటివి. పులుపు తగిలితే పెక్టిన్ త్వరగా కరగదు. టమాటా మాత్రం కొత్త పప్పుతో కలిపి వేసినా కుక్కర్లో ఉడికిపోతుంది. గోంగూర పప్పుకైతే నేను కింద పప్పు గిన్నె, పైన ఆకు గిన్నె పెట్టి ఒకేసారి దించుతాను. రెండూ ఉడికాకే కలిపి ఎనుపుతాను. చింతపండు గుజ్జు పప్పు మెదిపాకే.

ఇప్పుడు ఉడికించే పద్ధతి. కప్పు పప్పు రెండు మూడు నీళ్ళు కడిగి అరగంట నానబెట్టి, ఆ నీళ్ళు వంచేయండి. కడుపుబ్బరం తెచ్చే చక్కెరలు కొన్ని ఆ నీళ్ళతోనే పోతాయి. మూడు కప్పుల మంచినీళ్ళు, పావు చెంచా పసుపు, అర చెంచా నూనె వేయండి. నూనె ఊరికే కాదు, పప్పు నురగ పొంగి ఆవిరి గొట్టంలోకి ఎక్కకుండా ఆపుతుంది. నేరుగా కుక్కర్లో వండితే పప్పు, నీళ్ళు కలిపి సగానికి మించకూడదు. గిన్నెలో పెట్టి వండితే అడుగున పోసే నీళ్ళలో పిండేసిన చింతపండు పిప్పి గానీ నిమ్మతొక్క గానీ వేయండి, అల్యూమినియం కుక్కర్ నల్లబడదు, గారా పట్టదు.

మూత బిగించాక గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చేదాకా ఆగి అప్పుడు వెయిట్ పెట్టండి. మొదటి విజిల్ వచ్చాక మంట సిమ్‌లోకి తగ్గించి పది నిమిషాలు, గిన్నెలో పెట్టి వండేటప్పుడు ఇంకో అయిదు ఎక్కువ. విజిల్స్ లెక్క నేను ఎప్పుడో మానేశాను, ఒక్కో కుక్కర్‌ది ఒక్కో తీరు. పెద్ద మంట మీద అయిదు విజిల్స్ గబగబా వచ్చేస్తాయి, పప్పుకి మాత్రం ఉడికే టైం దొరకదు. కుక్కర్ లోపల ఒత్తిడికి నీళ్ళు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, ఆ వేడి నిలబడి ఉంటే చాలు, పెద్ద మంటతో పనిలేదు. కట్టేశాక ఆవిరి దానంతటదే దిగాలి. ఆవిరి దిగే పది నిమిషాల్లో పప్పు ఇంకా మగ్గుతుంది. తొందరపడి వెయిట్ ఎత్తితే పప్పు నీళ్ళు పైకి చిమ్ముతాయి, చేతులు కాలతాయి.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఉడకలేదంటే కుక్కర్‌ని చూడాలి. విజిల్ రాకుండా మూత పక్కల నుంచి ఆవిరి బుసబుసా పోతుంటే రబ్బరు వదులైందని అర్థం. ఆ పూటకు గడవాలంటే రబ్బరు తీసి శుభ్రంగా కడిగి, పది నిమిషాలు ఫ్రీజర్లో పెట్టి వేయండి, కాస్త బిగుసుకుంటుంది. అది ఒక్క పూట వైద్యమే. రబ్బరు వంచి చూస్తే లోపలి అంచున సన్నటి పగుళ్ళు కనబడినా, పాకం ఆరినట్టు గట్టిగా అయినా కొత్తది కొనాల్సిందే. కొట్టుకెళ్ళేటప్పుడు పాతది పట్టుకెళ్ళండి, మూత మీద కంపెనీ పేరు, ఎన్ని లీటర్లో చూసుకుని వెళ్ళండి. ఒక కంపెనీది ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు. వండటం అయ్యాక రబ్బరు మూతలోంచి తీసి కడిగి, మేకుకు తగిలించండి. మూత బిగించేసి కుక్కర్ని అటక మీద పెడితే రబ్బరు నొక్కుకుపోయి త్వరగా పాడవుతుంది.

విజిలే రాకుండా, పక్కల నుంచి కూడా ఆవిరి పోకుండా ఉంటే వెంటనే స్టవ్ కట్టేయండి. గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. పూర్తిగా చల్లారాక మూత తీసి, గొట్టాన్ని వెలుతురుకు పెట్టి కన్ను ఆనించి చూడండి. గుండ్రంగా వెలుగు కనబడాలి. కనబడకపోతే చీపురు పుల్లతో పొడిచి, కుళాయి నీటి ధార పట్టండి. వెయిట్ లోపల కూడా ఎండిన పప్పు పేరుకుంటుంది, దాన్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి కడగండి. వండే ముందు గొట్టంలోంచి చూడటం మా ఇంట్లో అందరికీ అలవాటు చేశాను.

సేఫ్టీ వాల్వు విషయంలో మాత్రం సొంత వైద్యం పనికిరాదు. లోపల నీళ్ళు అయిపోయి మాడినా, గొట్టం మూసుకుపోయినా అందులోని లోహం కరిగి ఆవిరిని బయటికి వదిలేస్తుంది. మనల్ని కాపాడటానికే దాన్ని పెట్టారు. అది పోతే అదే కంపెనీ వాల్వు వేయించాలి. టంకం పెట్టించడం, మేకు బిగించడం లాంటివి చేసేవాళ్ళను చూశాను, దండం పెడతాను, అలా చేయకండి.

ఉడికిన పప్పులో ఎక్కువైన నీళ్ళు పారబోయకుండా పక్కన తీసి పెట్టి, పప్పుగుత్తితో మెదిపాక కొద్దికొద్దిగా కలుపుకోండి. మిగిలితే చారులో పోయండి. ఉప్పు మెదిపాకే వేస్తాను, అప్పుడే ఎంత పడుతుందో తెలుస్తుంది. మా అత్తయ్యకు బీపీ ఉంది, ఆవిడ గిన్నె ముందు తీసి తర్వాత మా వాటికి ఉప్పు సరిచేస్తాను. తాలింపుకి నలుగురికి రెండు చెంచాల నూనె చాలు. ఆవాలు, జీలకర్ర, చిదిపిన వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు, చివర్న ఇంగువ. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే దించేయాలి, నల్లబడితే పప్పంతా చేదే.

వంద గ్రాముల కందిపప్పులో ప్రోటీన్ ఇరవై గ్రాములకు పైనే ఉంటుంది. కానీ పెద్ద పళ్ళెం అన్నంలో గరిటెడు పలచటి పప్పు వేసుకుంటే మనకు అందేది ఎంత? అన్నం ఓ గరిటె తగ్గించి, ఆ మేరకు పప్పు గట్టిగా వేసుకోండి. ఆకుకూర పప్పయితే కంచంలో నిమ్మబద్ద పిండుకోండి, అందులోని సి విటమిన్ వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పొయ్యి మీద ఉండగా పిండితే వేడికి ఆ విటమిన్ కొంత పోతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఇనుము పట్టడం తగ్గుతుంది కాబట్టి గంట ఆగి తాగండి. రాత్రికి మిగిలిన పప్పు ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది. వేడి చేసేటప్పుడు కాగిన నీళ్ళు కొంచెం పోసి, కుతకుతలాడేదాకా ఉడకనిచ్చి తినండి. మర్నాటికి మించి ఉంచకండి.