సంగీత వాయిద్యాలకు, సౌండ్ సామానుకు ఇన్సూరెన్స్ చేయించుకోవడం ఎలా?

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల వాయించి బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. గుళ్లో నాదస్వరం, డోలు. పెళ్లికి బ్యాండు. పౌరాణిక నాటకానికి హార్మోనియం, కీబోర్డు. ఆదివారం చర్చిలో గిటారు, ప్యాడ్స్. నాదస్వరంలో దేశమంతా పేరు తెచ్చుకున్న షేక్ చిన మౌలానా పుట్టింది ఒంగోలు దగ్గరి కరవదిలోనే. ఇంత సంగీతం ఉన్న చోట వాయిద్యానికి బీమా ఉన్నవాళ్లు మాత్రం అరుదుగా కనిపిస్తారు. ఏటా బండికి కడతారు, ఆ బండిలో వెళ్లే లక్షన్నర కీబోర్డుకు కట్టరు. బండి పాలసీలోనే లోపలి సామాను కూడా వస్తుందని కొందరి నమ్మకం. రాదు. ఆ పాలసీ బండికే.

తెలిసిన ఎల్ఐసీ ఏజెంటును అడిగితే సరిపోతుందనుకునేవాళ్లూ ఉన్నారు. ఎల్ఐసీ చేసేది జీవిత బీమా. వస్తువులకు జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరికి వెళ్లాలి. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ అనే నాలుగు ప్రభుత్వ కంపెనీలతో పాటు ప్రైవేటువీ చాలా ఉన్నాయి. అయితే ఆఫీసుకు వెళ్లేముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది.

1. సామాను జాబితా రాయండి

రేపు క్లెయిమ్ నిలబడేది ఈ కాగితం మీదే. ప్రతి వస్తువుకూ పేరు, కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, కొన్న తేదీ, కొన్న ధర రాయండి. కీబోర్డుకు నంబరు అడుగున ఉంటుంది, మిక్సరుకు వెనక ఉంటుంది. గిటారుకైతే తల వెనకో, లోపల అతికించిన కాగితం మీదో చూడండి. నంబరు కనపడేలా ఒక ఫొటో, మొత్తం వాయిద్యానికి ఒక ఫొటో తీయండి. అడాప్టరు, స్టాండు, పెడల్, మైకులు, కేబుళ్లు, హార్డ్ కేసు కూడా జాబితాలో ఉండాలి. విడివిడిగా చిన్నవే అయినా కలిపితే పెద్ద మొత్తమే అవుతుంది.

నాదస్వరం, డోలు, మృదంగం, వీణ సంగతి వేరు. వీటికి సీరియల్ నంబరు ఉండదు, చాలాసార్లు బిల్లూ ఉండదు. తయారుచేసిన ఆయన దగ్గరికే వెళ్లి, ఫలానా వాయిద్యం ఫలానా చెక్కతో చేసి ఇచ్చామని, ఈ రోజు అలాంటిది చేయాలంటే ఎంతవుతుందో తేదీ వేసి, సంతకంతో రాయించుకోండి. మూతలు మార్పించినప్పుడు, మరమ్మతు చేయించినప్పుడు ఇచ్చిన రసీదులు దాచండి. చెక్క మీది గీత, ఇత్తడి భాగం మీది గుర్తు లాంటివి దగ్గరగా ఫొటో తీయండి. దొంగ సొత్తు దొరికితే అది మీదేనని చూపించడానికీ అవే పనికొస్తాయి. తాతల నాటి వాయిద్యమైతే, తాము ఒప్పుకునే వాల్యూయర్ (విలువ కట్టే నిపుణుడు) ఇచ్చిన ధ్రువపత్రం తెమ్మని కంపెనీ అడగొచ్చు. ఇవన్నీ ఫోనులో మాత్రమే ఉంటే ఫోను పోయినరోజే పోతాయి కాబట్టి మీ ఈమెయిలుకు కూడా పంపుకోండి.

2. విలువ సరిగ్గా వేయండి

ప్రీమియం తగ్గుతుందని విలువ తగ్గించి రాయిస్తారు. దయచేసి ఈ పని చేయకండి. లెక్క చూడండి. మీ కీబోర్డు విలువ 80,000 రూపాయలు, పాలసీలో రాయించింది 40,000. స్టేజీ మీంచి పడి 20,000 నష్టం జరిగింది. విలువలో సగానికే బీమా చేశారు కాబట్టి వచ్చేది నష్టంలో సగం, అంటే 10,000. దాంట్లోంచి మళ్లీ మీరు భరించాల్సిన కనీస మొత్తం తీసేస్తారు. దాన్ని ఎక్సెస్ అంటారు.

నష్టపరిహారం ఏ పద్ధతిలో ఇస్తారో కూడా అడగండి. కొత్తది కొనే ధర ఇస్తారా, వాడిన ఏళ్లకు తరుగు తీసి ఇస్తారా అన్నది పాలసీని బట్టి మారుతుంది. అయిదేళ్లు వాడిన కీబోర్డుకు ఆ రెండింటి మధ్య తేడా చాలా ఉంటుంది.

3. మీకు సరిపోయే పాలసీ ఎంచుకోండి

ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ ఉంటే వాయిద్యాలు కూడా అందులోనే ఉన్నాయనుకోవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని జనరల్ కంపెనీలూ ఇస్తున్న పాలసీ ఇది. ఇంటి భవనానికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా ఇంట్లో సామానుకు దానంతటదే వర్తిస్తుంది. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద వస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడూ ఇళ్లలోకి చేరిన నీళ్లను చూసినవాళ్లకు ఈ రక్షణ విలువ చెప్పనక్కర్లేదు. కానీ ఇందులో రెండు లోటులున్నాయి. మామూలు దొంగతనం రాదు. తుపాను లాంటి ఘటన వల్ల, అది జరిగిన 7 రోజుల్లోపు జరిగిన దొంగతనమే వస్తుంది. రెండోది, ఇది ఇంట్లో ఉన్న సామానుకే. జొన్నవాడ తిరునాళ్లలో స్టేజీ మీద విరిగినదానికి రాదు.

ఊరూరా తిరిగి వాయించేవాళ్లకు కావాల్సింది ఆల్ రిస్క్ పాలసీ. జాబితాలో రాసిన ఒక్కో వస్తువుకూ విడివిడిగా విలువ వేసి, ఇంట్లో ఉన్నా దారిలో ఉన్నా ప్రమాదవశాత్తు దెబ్బతిన్నా పోయినా పరిహారం ఇచ్చే పాలసీ అది. పేరు చూసి ఏం జరిగినా డబ్బిస్తారని మాత్రం అనుకోకండి. వాడకంలో అరగడం, తీగలు తెగడం, డోలు మూత చిరగడం, చెదలు, గాలిలో తేమకు చెక్క పాడవడం, లోపలి సర్క్యూట్ దానంతటదే చెడిపోవడం మామూలుగా మినహాయింపుల్లోనే ఉంటాయి. జనరేటర్ ఓల్టేజీ ఎగిరి యాంప్లిఫయర్ కాలడం కూడా చాలా పాలసీల్లో రాదు. సముద్రగాలి తగిలే ఊళ్లలో తేమ బాధ నిత్యం ఉండేదే కాబట్టి ఆ జాగ్రత్త మీరే పడాలి.

మిక్సర్లు, యాంప్లిఫయర్లు, స్పీకర్లు అద్దెకిచ్చే సౌండ్ షాపువాళ్లు ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ అడగాలి. సామాను షాపు దాటి బయటికి వెళ్తుందని అందులో చేర్పించాలి. షాపు, గోడౌనుకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష ఉంది. ఒకచోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్లు దాటని వ్యాపారాల కోసం పెట్టిన పాలసీ అది.

అయిదారు వేల హార్మోనియం ఒక్కటే ఉంటే విడిగా పాలసీ అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ ప్రీమియం డబ్బు పక్కన వేసుకుంటే మేలు. పోతే మళ్లీ కొనలేనిదానికి బీమా చేయించండి.

4. ప్రపోజల్ ఫారంలో (బీమా దరఖాస్తులో) ఉన్నదున్నట్టు రాయండి

డబ్బు తీసుకుని వాయిస్తారని స్పష్టంగా రాయండి. ఇంట్లో సరదాకి వాడుకునే వస్తువని రాసి, రేపు రొట్టెల పండుగ స్టేజీ దగ్గర పోయిందని వెళ్తే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. వాయిద్యం ఎవరిదైతే పాలసీ వాళ్ల పేరునే ఉండాలి. చర్చి కొన్న డ్రమ్స్‌కు చర్చి పేరున, అన్న పేరు మీద బిల్లున్న కీబోర్డుకు అన్న పేరున.

ఈ ప్రశ్నలు ఈమెయిలులో అడిగి, జవాబు రాతలోనే తీసుకోండి. రాత్రి భోజనానికి ఆగినప్పుడు తాళం వేసిన టాటా ఏస్‌లోంచి పోతే వస్తుందా? తోటి కళాకారుడు వాయిస్తుండగా పడితే? ఒకరోజు అద్దెకిస్తే? గల్ఫ్‌లో తెలుగువాళ్ల కార్యక్రమానికి తీసుకెళ్తే? ఏజెంటు నోటిమాటగా "అన్నీ వస్తాయన్నా" అంటే సరిపోదు.

ప్రీమియం కంపెనీకి చేరేదాకా రక్షణ మొదలవదు. నగదు ఇస్తే రసీదు అడగండి. జనరల్ పాలసీల ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ అదనం. పాలసీ చేతికొచ్చాక సీరియల్ నంబర్లు ఒక్కొక్కటీ సరిచూడండి. కొత్తది కొంటే ఏడాది చివరిదాకా ఆగకుండా ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు) చేయించి అదే పాలసీలో చేర్పించండి.

5. నష్టం జరిగినప్పుడు

దొంగతనమైతే ఆ రోజే పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి. వేరే ఊళ్లో కార్యక్రమానికి వెళ్లినప్పుడు పోతే, అది తమ పరిధి కాదని స్టేషన్లో తిప్పి పంపకూడదు. పరిధితో పని లేకుండా ఏ స్టేషన్లోనైనా రాసే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి. రైల్లో పోతే రైల్వే పోలీసులకు చెప్పాలి. కంపెనీకి ఫోను చేసి, వెంటనే ఈమెయిలు కూడా పెట్టండి. వస్తువు దొరకలేదని పోలీసులిచ్చే తుది నివేదికను కంపెనీ తర్వాత అడుగుతుంది, దానికోసం స్టేషన్ చుట్టూ తిరగక తప్పదు.

విరిగితే, తడిస్తే నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూసేదాకా బాగు చేయించకండి. ముక్కలు పారేయకండి. తడిసిన కీబోర్డును ఆన్ చేసి చూడకండి, నష్టం పెరుగుతుంది. అక్కడికక్కడే వీడియో తీసి, మరమ్మతు అంచనా రాయించి ఉంచండి. కార్యక్రమం ఒప్పుకున్న కాగితమో, వాట్సాప్ మెసేజో ఉంటే ఆ రోజు మీరు అక్కడున్నారనడానికి ఆధారం.

తక్కువ మొత్తం ఇస్తామని, పూర్తి పరిష్కారంగా సంతకం పెట్టమని కాగితం వస్తే తొందరపడకండి. ఎందుకు తగ్గించారో రాతలో అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే ఫిర్యాదుల విభాగం బీమా భరోసా నంబరు 155255లోనూ చెప్పొచ్చు. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విచారించే అధికారి, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ కేసులు చూసేది ఆ కార్యాలయమే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి.