వానాకాలంలో బిగుసుకుపోయే సొరుగు పెట్టె: నా అనుభవం

ఖాళీ సొరుగు చూపించి, మూసి, మళ్లీ లాగగానే అందులోంచి రంగుల రుమాళ్లు తీసే పెట్టె ఇంద్రజాలికులందరికీ తెలిసిందే. నా దగ్గరున్నది చేత్తో చేసిన పాత టేకు పెట్టె. వానలు మొదలైతే చాలు, సొరుగు సగంలో ఆగిపోయేది. వేదిక మీద గుంజి గుంజి తీస్తే ఇక గారడీ ఏముంటుంది? టాల్కం పౌడరు, కొబ్బరినూనె, ఎండలో పెట్టడం, ఏదీ నిలవలేదు. నూనెకైతే దుమ్ము అంటుకుని ఇంకా మొరాయించింది.

పనిచేసింది ఇది. ముందు పెట్టెను తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో వారం పాటు ఉంచాను. ఈ ఓపిక తప్పదు. తేమకు కలప నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు ఉబ్బదు. ఉబ్బి ఉన్నప్పుడే అరగదీస్తే వేసవిలో సొరుగు వదులై గలగలమంటుంది. ఆ చప్పుడే గుట్టు విప్పేస్తుంది. తర్వాత సొరుగు పక్కలకు సుద్ద రాసి, మెల్లగా లోపలికీ బయటికీ ఆడించాను. సుద్ద చెరిగిన చోటే రాపిడి. నా పెట్టెలో అది వెనక మూల దగ్గర తేలింది. అక్కడ మాత్రమే, చదునైన చెక్కకు చుట్టిన 320 నంబరు శాండ్ పేపరుతో నార వెంట కొద్దిగా రుద్ది, మళ్లీ సుద్దతో పరీక్షించాను. చివరగా తెల్ల కొవ్వొత్తి రాసి, నూలుగుడ్డతో నున్నగా తుడిచాను.

బయటి రంగును ముట్టుకోలేదు. పాత సామగ్రిలో సేకర్తలు ముందు చూసేది అసలు పూతనే. పలక వంకర తిరిగిన పెట్టెకు ఈ పద్ధతి పనికిరాదనుకుంటాను. ప్లైవుడ్ మీద ప్రయత్నించలేదు. కొనేవారు సొరుగును పూర్తిగా బయటికి తీసి అద్దం పలక మీద పెట్టి చూడండి. ఊగితే అది ఒట్టి తేమ సమస్య కాకపోవచ్చు.