డాక్టర్ల ఇళ్ల ఆడవాళ్ల సేవా సంఘానికి చరిత్ర రాయడం ఎలా?

నల్లగొండలోనో పాలమూరులోనో డాక్టర్ల ఇళ్ల ఆడవాళ్లు కలిసి నడిపిన సంఘానికి చరిత్ర రాయాలంటే మొట్టమొదట ఎదురయ్యే చిక్కు పేర్లది. సమావేశాల వివరాలు రాసే పాత మినిట్స్ పుస్తకాల్లో ‘శ్రీమతి డా. రెడ్డి’, ‘మిసెస్ డాక్టర్ రావు’ అనే ఉంటుంది. చందాలకు గడప గడపా ఎక్కిందీ, వైద్య శిబిరంలో పొద్దుగూకేదాకా చీటీలు రాసిందీ ఆమె. పుస్తకంలో ఉన్నది మాత్రం ఆయన పేరు. ఆమె పేరు దొరకకుండా చరిత్ర మొదలుపెట్టకండి.

వెతకాల్సిన చోట్లు ఉన్నాయి. పైన ‘మిసెస్’ అని రాసినా, హాజరు దగ్గర సంతకం చాలాసార్లు సొంత పేరుతోనే ఉంటుంది. చెక్కుల మీద సంతకాలు చూడండి. అన్నిటికంటే గట్టి ఆధారం రిజిస్ట్రేషన్ కాగితం. అందులో స్థాపక సభ్యుల పేరు, వృత్తి, చిరునామా విడివిడిగా రాసి సంతకాలు పెడతారు. సంఘం దగ్గర అది లేకపోతే జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో ధృవీకరించిన నకలు అడగండి. సర్టిఫికెట్ మీద ‘1350 ఫసలీ’ అని కనిపిస్తే అది సంఘం పుట్టిన ఏడాది అనుకోవద్దు, అది నిజాం కాలపు ఏడాది లెక్కతో ఉన్న చట్టం పేరు. 2001లో కొత్త సొసైటీల చట్టం వచ్చేదాకా తెలంగాణలో ఆ చట్టం కిందే నమోదు చేసేవారు. ఇంకో సంగతి: 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘాల పాత ఫైళ్లకు ముందు మహబూబ్‌నగర్‌లో, సూర్యాపేట, భువనగిరివాటికి నల్లగొండలో అడగండి.

బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, సభ్యత్వపు నిబంధన మాటకు మాట ఎత్తి రాసుకోండి. ‘డాక్టరు భార్య’ అన్నది ఏ తీర్మానంతో ‘జీవిత భాగస్వామి’గా మారిందో ఆ తేదీ పట్టుకోండి. లేడీ డాక్టర్ల భర్తలకు తలుపు తెరుచుకున్నది ఆ రోజే. 1922లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ‘ఉమన్స్ ఆగ్జిలరీ’గా పుట్టిన డాక్టర్ల భార్యల సంఘం కూడా తర్వాత భర్తలనూ చేర్చుకుంది, పేరూ ‘అలయన్స్’ అయింది.

ఎక్కువ ఓపిక పట్టేది తేదీ లేని ఫొటోలకు. బ్యానర్ మీద జులై 1 డాక్టర్స్ డే అని ఉంటే ఆ ఫొటో 1991కి ముందుది కాదు. మన దగ్గర ఆ రోజు, డాక్టరూ బెంగాల్ ముఖ్యమంత్రీ అయిన బి.సి. రాయ్ జయంతి, వర్ధంతి కూడా. మార్చి 30 అమెరికావాళ్ల రోజు. 1933లో జార్జియాలోని వైండర్‌లో యుడోరా బ్రౌన్ ఆల్మండ్ అనే డాక్టరు భార్య మొదలుపెట్టింది. ఈ రెండూ కలిపేసిన సావనీర్లు, అంటే సంఘాల ప్రత్యేక సంచికలు, ఉంటాయి, జాగ్రత్త. లెటర్‌హెడ్ మీద 508001 లేదా 509001 అచ్చై ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతది, పిన్‌కోడ్ వచ్చిందే ఆనాడు. వెనకాల జీపు నంబరు చూడండి. ఏపీ 24 నల్లగొండది, ఏపీ 22 పాలమూరుది. టీఎస్ 05, టీఎస్ 06 అయితే 2014 జూన్ తర్వాతే. కానీ ఏపీ నంబరు బండ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి కాబట్టి, ఏపీ ఉన్నంత మాత్రాన 2014కు ముందుదని తేల్చేయకూడదు.

ఫొటోలను పీకొద్దు. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కుపోతే పేజీతో సహా ఫొటో తీసుకోండి. విడదీయక తప్పకపోతే పళ్ల మధ్య వాడే సన్నదారాన్ని ఫొటో కింద నుంచి మెల్లగా లాగాలి. లామినేషన్ అసలే వద్దు, దాన్ని వెనక్కి తీయలేం. తుప్పు పట్టిన పిన్నులు, స్టేపుల్స్ తీసేయండి, కాగితాన్ని మొదట తినేది అవే. వెనకవైపు పేర్లు మెత్తని పెన్సిల్‌తోనే రాయాలి, బాల్‌పెన్ అచ్చు ముందుకు తేలుతుంది. స్కాన్ రాతకు 300 డీపీఐ చాలు, ఫొటోకు 600 పెట్టండి. ఫైలు పేరు ‘1996-01-20-పల్స్‌పోలియో’ అన్నట్టు ఏడాదితో మొదలైతే వాటంతట అవే వరసలో నిలబడతాయి.

సంఘంలో పాత సభ్యులైన పెద్దమ్మల దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లొద్దు. ఫొటో నకళ్లు తీసుకెళ్లి ముందు పెట్టండి. ‘ఏ సంవత్సరం’ అంటే చెప్పలేరు. ‘ఆ శిబిరం కృష్ణా పుష్కరాలకు ముందా, తర్వాతా’ అంటే టక్కున చెప్తారు. పుష్కరాలు 1992, 2004, 2016ల్లో వచ్చాయి. అలంపూర్ వైపువాళ్లకు 2009 అక్టోబరు తుంగభద్ర వరద గట్టి గుర్తు. గంటకు మించి కూర్చోబెట్టకండి. రికార్డు చేసే ముందు అనుమతి అడిగి, ఆ ఒప్పుకోలు కూడా రికార్డులోనే పట్టండి. కోడళ్లూ కొడుకులూ పక్కన కూర్చుంటే జవాబులు వాళ్లే చెప్పేస్తారు, వీలైతే విడిగా మాట్లాడండి.

‘వేలాది మందికి వైద్యం’ అని సావనీరులో ఉన్న మాటను యథాతథంగా ఎత్తి రాయొద్దు. ఓపీ రిజిస్టరు లెక్కో, మందుల బిల్లో పక్కన పెట్టి చూడండి. క్యాష్‌బుక్కు, రసీదు కట్టల అడుగు ముక్కలు, బ్యాంకు పాస్‌బుక్కు మూడూ కలవకపోతే, కలవలేదనే రాయండి. సంఘం రెండు ముక్కలైన కాలం ఉంటే దాన్ని దాటేయకండి. తీర్మానం తేదీ, ఓట్ల లెక్క ఇవ్వండి, ఎవరి తప్పో తీర్పు చెప్పొద్దు.

అచ్చుకిచ్చే ముందు సభ్యుల పట్టికను ఆమె పేరు ముందు, ఇంటిపేరుతో సహా, ఆ తర్వాత భర్త పేరు అనే వరసలో పెట్టండి. ఎంత వెతికినా దొరకని పేరు దగ్గర ఖాళీ గీత వదిలి, పుస్తకం చివర సంఘం చిరునామా ఇవ్వండి. ఒక ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, ఇంకోటి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి.