డెకూపాజ్ చెడిందా? ముందు జిగురును తిట్టకండి

కత్తిరించిన బొమ్మలను డబ్బాకో పళ్ళేనికో అంటించి, అంచు వేలికి తగలనంతగా పూత మీద పూత వేయడమే డెకూపాజ్. 18వ శతాబ్దంలో వెనిస్‌లో ఖరీదైన లక్కపనికి చవక నకలుగా పెరిగి, 'పేద లక్క' అనిపించుకుంది. విశాఖలో ఈ పని చెడితే నేను మొదట అనుమానించేది తేమనే.

పూత ఆరినా జిడ్డుగా అంటుకుంటోంది
నీళ్ళు కలిపిన ఫెవికాల్‌నే పైపూతగా వేసి వదిలేస్తే వచ్చే తంటా ఇది. తెల్ల జిగురు ఆరాక గాజులా కనిపిస్తుంది కానీ, తేమ తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. నిరుడు జూలైలో ఒక ట్రే చేసి, పాత పేపరు చుట్టి అటక మీద పెట్టాను. వారం తర్వాత విప్పితే గులాబీల మీద బంగారం ధరలు అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చయి ఉన్నాయి! జిగురును అంటించడానికే వాడండి. పైన వార్నిష్ పలుచగా, కనీసం ఐదారు పూతలు వేయాలి. పాతకాలం పనివారు ఇరవై, ముప్ఫై దాకా వేసేవారు.

వార్నిష్ పాలలా తెల్లబడింది
కింది జిగురు ఆరకముందే పైన వార్నిష్ వేసి తేమకు మూత పెట్టేశారన్నమాట. వానాకాలంలో జిగురు పొరను రెండు రోజులు ఫ్యాను కింద ఉంచి, గోటితో నొక్కి చూడండి. గుర్తు పడితే ఇంకా ఆగాలి. ఇప్పటికే తెల్లబడిందా? పొడిగా, వెచ్చగా ఉండే చోట నాలుగు రోజులు ఉంచండి, చాలాసార్లు తేటపడుతుంది. లేకపోతే ఆ పూతను ఉప్పుకాగితంతో రుద్ది మళ్ళీ వేయడమే.

ముడతలు, బుడగలు
నీరు తగిలితే కాగితం సాగుతుంది. అంటించాక సాగితే, పోవడానికి చోటు లేక ముడుచుకుంటుంది. అందుకే ముందే సాగనివ్వండి: ఒక్క నిమిషం నీళ్ళలో ముంచి, గుడ్డతో అద్ది, అప్పుడు అంటించి మధ్య నుంచి అంచులకు ఒత్తుకుంటూ పోండి. ఆరాక బుడగ కనిపిస్తే బొమ్మలోని గీత వెంబడే బ్లేడుతో చిన్న గాటు పెట్టి, సూదిమొనతో జిగురు దూర్చి అదమండి. గాటు గీతలో కలిసిపోతుంది.

రంగు కారింది
ఇంకుజెట్ ప్రింటు అయి ఉంటుంది. దాన్ని నీళ్ళలో ముంచనే వద్దు. లేజర్ ప్రింటు తీయించండి, లేదా పెళ్ళి శుభలేఖలు, పాత క్యాలెండర్లు వాడండి. శుభలేఖ మందంగా ఉంటే వెనుకవైపు తడిపి ఒక పొర ఒలిచేయండి.

రేకు డబ్బా మీద గోధుమరంగు మచ్చలు
తుప్పు. ఉప్పుగాలికి తోడు జిగురులోని నీరూ చేరింది. దీనికి పైపై వైద్యం లేదు. బొమ్మ ఊడదీసి, ఉప్పుకాగితం పట్టి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేసి మొదటినుంచి మొదలుపెట్టాలి.

గాజు సీసా నుంచి ఊడిపోతోంది
నూనె జిడ్డు. గిన్నెల సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి అంటించండి.

ఏటికొప్పాక భరిణె రంగు కరిగింది
దాని మీది మెరుపు లక్కది, లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ కలిసిన పాలిష్ దాని దరిదాపులకు రానివ్వకండి, నీటితో పలుచన చేసే వార్నిష్ వాడండి. అయినా అంత అందమైన అంకుడు కర్ర పనిమీద కాగితం అంటించడానికి నాకైతే చేతులు రావు.