తత్వవేత్త జీవితాన్ని వ్యాసంలో ఎక్కడ వాడాలి, ఎక్కడ వదిలేయాలి

తత్వశాస్త్ర చరిత్ర రాసేటప్పుడు చాలామంది మొదటి పేరాలో పుట్టుక, చదువు, చావు చెప్పేసి సిద్ధాంతంలోకి వెళ్లిపోతారు, ఇక ఆ మనిషి మళ్లీ కనపడడు. అలా చేయకండి. పదిహేడో శతాబ్దపు డచ్ తత్వవేత్త స్పినోజానే తీసుకుందాం.

ముందు ఒక కాగితం మీద రెండు వరసలు గీసి, ఎడమవైపు జీవితం, కుడివైపు రచనలు, సంవత్సరాలతో సహా రాయండి. 1656 జులై 27న ఆమ్‌స్టర్‌డామ్ యూదు సమాజం 23 ఏళ్ల స్పినోజాను వెలివేసింది. కుడివైపు చూస్తే అప్పటికి అచ్చయిన పుస్తకం ఒక్కటీ లేదు, వెలి ప్రకటనలోనూ ఘోరమైన మతవిరుద్ధ భావాలన్నారే గానీ అవేమిటో చెప్పలేదు. కాబట్టి ఫలానా సిద్ధాంతం వల్లే వెలివేశారని ఎంత రాయాలనిపించినా రాయకండి.

ఇప్పుడు 1668కి రండి, నన్ను బాగా కదిలించేది ఇదే. ఆయన స్నేహితుడు ఆద్రియాన్ కూర్‌బాఖ్ మతం మీద విమర్శను జనం మాట్లాడే డచ్‌లోనే రాశాడు, అరెస్టయ్యాడు, 1669లో జైల్లోనే చనిపోయాడు. మరుసటి ఏడు స్పినోజా ఆలోచనా స్వేచ్ఛ వల్ల రాజ్యానికి ముప్పు లేదని వాదించే పుస్తకం తెచ్చాడు. లాటిన్‌లో, రచయిత పేరు లేకుండా, ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చేసి, అచ్చయిన ఊరు హాంబర్గ్ అని వేయించాడు. 1671లో దానికి డచ్ అనువాదం రాబోతోందని తెలిసి, ఎలాగైనా ఆపమని ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఆ జాగ్రత్త మనకు ఉత్త పిరికితనంలా కనిపిస్తుంది. అయితే కూర్‌బాఖ్ చావు స్పినోజా వాదాన్ని నిజం చేయదు, అబద్ధమూ చేయదు. వాదాన్ని వాదంగానే విడిగా పరీక్షించాలి.

చిన్న కథలు దొరికితే ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని అడగండి. సాలెగూట్లోకి ఈగల్ని వేసి చూస్తూ స్పినోజా నవ్వేవాడన్న కథ కొలెరస్ 1705లో రాసింది, అంటే స్పినోజా పోయిన 28 ఏళ్లకు. కొలెరస్ లూథరన్ పాస్టర్, స్పినోజా భావాలంటే ఆయనకు అసహ్యం. అయినా హేగ్‌లో స్పినోజా అద్దెకున్న ఇంటివాళ్లతో మాట్లాడి, అతని నిరాడంబర జీవితాన్ని మెచ్చుకున్నాడు. నచ్చనివాడి మెప్పు కాబట్టి దానికి నేను ఎక్కువ విలువిస్తాను.

బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి విషయంలో ఈ పద్ధతి సాగదు. ఆయన జీవిత కథలు కొన్ని వందల ఏళ్ల తర్వాత చైనీస్, టిబెటన్ భాషల్లో రాసినవి. అక్కడ ఎడమ వరస ఖాళీగా వదిలేసి, ఆయన ముఖ్య గ్రంథం మూలమధ్యమకకారికలో ఏ వాదాలను ఖండిస్తున్నాడో అక్కడి నుంచే మొదలుపెట్టండి.