రిటైరయ్యాక గ్రాట్యుటీ, పింఛను ఆగిపోతే ఏం చేయాలి?

గుంటూరు బ్రాడీపేటలోని మా ఆఫీసుకు ఆమధ్య ఒక రిటైర్డ్ జూనియర్ అసిస్టెంటు గారు గుడ్డసంచి నిండా కాగితాలతో వచ్చారు. పదకొండు నెలలైనా గ్రాట్యుటీ అందలేదు. "ఎన్ని అర్జీలు పెట్టారండీ?" అని అడిగితే "ఆరు" అన్నారు. ఆరు నకళ్లూ బల్ల మీద పరిచి చూశాం. ఒక్కదాని మీదా ఆఫీసు ముద్ర లేదు, అర్జీ అందినట్టు నమోదు చేసే ఇన్వార్డు నంబరు లేదు. "సెక్షన్‌లో మనకు తెలిసినవాడేనండీ, చేతికే ఇచ్చాను" అన్నారు. తెలిసినవాడు కదా అని ముద్ర అడగడానికి మొహమాటపడ్డారన్నమాట. రేపు కోర్టులో ఆఫీసు వాళ్లు "మాకే అర్జీ రాలేదు" అంటే ఆయన దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

అందుకే మా దగ్గరకు వచ్చినవాళ్లకు ముందు చెప్పేది ఒకటే. డబ్బు ఎందుకు ఆపారో ఆ ఆఫీసు వాళ్ల చేతే కాగితం మీద రాయించండి. "ఫైలు నడుస్తోందండీ" అన్నది జవాబు కాదు, దాని మీద కేసూ నిలబడదు.

అంతకన్నా ముందు మీకు ఏ రూల్సు వర్తిస్తాయో చూసుకోండి. పాత పింఛనులో ఉన్న రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఆంధ్రప్రదేశ్ రివైజ్డ్ పెన్షన్ రూల్స్, 1980. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లది సీపీఎస్ (ఉద్యోగి, ప్రభుత్వం చెరికొంత జమచేసే పింఛను పద్ధతి), ఆ లెక్క వేరు. ఆర్టీసీ వాళ్లు 2020 జనవరి 1న ప్రభుత్వంలో కలిసినా వాళ్ల పింఛను సంగతి ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) వైపు చూడాలి. బ్యాంకులకు, కేంద్ర సంస్థలకు ఎవరి రూల్సు వాళ్లవి. పక్కింటి మాస్టారు ఇచ్చిన జీవో జిరాక్సు మీ కేసులో పనికిరాకపోవచ్చు. ఇక్కడినుంచి రాసేది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల గురించే.

తర్వాతి పని ఎస్సార్, అంటే సర్వీసు రిజిస్టరు. ఇది రిటైర్మెంటుకు ఏడాది ముందే చూసుకోవాల్సింది, చాలామంది చూడరు. మొత్తం జిరాక్సు తీయించి పేజీ పేజీ తిప్పండి. పుట్టిన తేదీ, ఇంక్రిమెంట్లు, జీతం లేని సెలవులు, సస్పెన్షన్ కాలాన్ని ఎలా పరిగణించారన్నది, నామినేషను చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, ఏటా సర్వీసు వెరిఫై చేసినట్టు ఆఫీసరు సంతకం. 1991-92లో తెనాలిలో పనిచేశారు, ఆ ఏడాది సంతకం లేదనుకోండి. తెనాలి ఆఫీసుకే వెళ్లి పాత పే బిల్లులో, జీతం ముట్టినట్టు సంతకాలుండే అక్విటెన్స్ రిజిస్టరులో మీ పేరు వెతికించి వెరిఫికేషను రాయించుకోవాలి. పింఛను కాగితాలు అభ్యంతరంతో వెనక్కి రావడానికి ఇలాంటి ఖాళీ గళ్లు చాలు.

ఇక అర్జీ. నాలుగు పేజీల గోడు అక్కర్లేదు. మేం ఆ జూనియర్ అసిస్టెంటు గారికి రాసిచ్చింది ఇంతే:

"నేను ఫలానా తేదీన పదవీ విరమణ చేశాను. గ్రాట్యుటీ నేటికీ అందలేదు. నా మీద శాఖాపరమైన కేసు గానీ, కోర్టు కేసు గానీ పెండింగులో లేదు. చెల్లించండి, లేదా ఏ రూలు కింద ఆపారో రాతపూర్వకంగా తెలపండి."

దీన్ని డీడీవోకు (మీ జీతం బిల్లులు పెట్టే అధికారికి), శాఖాధిపతికి స్పీడ్ పోస్టులో పంపి, రసీదులు, డెలివరీ రుజువు దాచుకోండి. చేతికిస్తే నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. నెలలో జవాబు రాకపోతే ఆర్టీఐ పెట్టి మీ ఫైలులోని నోట్‌ఫైలు (అధికారులు తమలో తాము రాసుకున్న నోట్సు) నకలు అడగండి. జిల్లా ఆఫీసుకైతే ఫీజు పది రూపాయలు, మండల స్థాయిలో అయిదు. అసలు కారణం చాలాసార్లు ఆ నోట్‌ఫైలులోనే దొరుకుతుంది.

కారణం చేతికొచ్చాక దాన్ని బట్టి దారి. "కేసు పెండింగు" అని రాస్తే ఆ 1980 పెన్షన్ రూల్సులో 9వ, 52వ రూల్సు తీయండి. కేసు నడుస్తుంటే గ్రాట్యుటీ ఆపవచ్చు గానీ ప్రొవిజనల్ (తాత్కాలిక) పింఛను ఇవ్వాలి. అయితే వివరణ అడిగిన మెమో ఒక్కటీ ఉంటే అది కేసు కాదు. అభియోగపత్రం ఇచ్చి ఉండాలి, లేదా సస్పెండు చేసి ఉండాలి. క్రిమినల్ కేసులో ఎఫ్ఐఆర్ చాలదు, మేజిస్ట్రేటు పరిగణనలోకి తీసుకున్న పోలీసు రిపోర్టు ఉండాలి. రిటైరయ్యాక కొత్తగా విచారణ మొదలుపెట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, నాలుగేళ్లు దాటిన సంఘటన మీద మొదలుపెట్టకూడదు.

"ఎక్కువ జీతం తీసుకున్నారు, రికవరీ" అంటే 2014 నాటి రఫీక్ మసీహ్ తీర్పు పట్టుకోండి. మూడు, నాలుగు తరగతుల ఉద్యోగుల నుంచి, రిటైరైనవాళ్ల నుంచి, ఏడాదిలో రిటైరయ్యేవాళ్ల నుంచి అలా రాబట్టకూడదని సుప్రీంకోర్టు అంది. కానీ ఇక్కడో మెలిక ఉంది. పీఆర్సీ ఫిక్సేషనప్పుడు, అంటే వేతన సవరణలో కొత్త జీతం ఖరారు చేసేటప్పుడు, "ఎక్కువ వస్తే తిరిగి కడతాను" అని సంతకం పెట్టారా? 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో ఆ హామీపత్రం చూసే రికవరీని సమర్థించారు. ఆ కాగితం సంగతి మీ వకీలుకు ముందే చెప్పండి. అవతలివాళ్లు కోర్టుకిచ్చే జవాబులో (కౌంటరులో) చూసి తెలుసుకునే గతి ఆయనకు పట్టించకండి.

కారణమే లేకపోతే మీ కేసు అన్నిటికన్నా గట్టిది. పింఛను, గ్రాట్యుటీ ఆస్తి కిందకే వస్తాయని, రూలు లేకుండా ఆపడం రాజ్యాంగంలోని 300ఎ అధికరణకు విరుద్ధమని 2013లో జితేంద్ర కుమార్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఉద్యోగుల కేసులు చూసే రాష్ట్ర ట్రిబ్యునల్ రద్దయ్యాక ఈ తగాదాలకు హైకోర్టే దిక్కు. విజయవాడ నుంచి కృష్ణ దాటి హైకోర్టున్న నేలపాడు వెళ్లాలి. అక్కడ వేసే రిట్ పిటిషనులో ఏం కోరుతున్నారన్నది జాగ్రత్తగా చూసుకోండి. "నా అర్జీ పరిష్కరించమనండి" అని అడిగితే అలాగే ఆర్డరు వస్తుంది, ఆఫీసు వాళ్లు "పరిశీలించాం, తిరస్కరించాం" అని పంపుతారు, మళ్లీ మొదటికొస్తారు. "వడ్డీతో సహా చెల్లించమనండి" అని అడగాలి. వడ్డీ మీద భారీ ఆశలు వద్దు. 2020లో జీతాలు, పింఛన్లలో కొంత భాగం వాయిదా వేసిన మన రాష్ట్ర ప్రభుత్వ కేసులోనే 12 శాతం ఇమ్మన్న హైకోర్టు ఆర్డరును 2021లో సుప్రీంకోర్టు 6కు తగ్గించింది. ఏళ్ల తరబడి ఊరుకుని వెళ్తే పింఛను బకాయిలు మామూలుగా రిట్ వేసిన తేదీకి వెనక మూడేళ్లకే ఇస్తారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఆర్డరు వచ్చాక సర్టిఫైడ్ కాపీని కవరింగ్ లెటరుతో ఆఫీసులో ఇవ్వండి. ఈసారైనా ముద్ర వేయించుకోండి. గడువులోగా చెల్లించకపోతే కోర్టు ధిక్కార పిటిషను వేయడానికి ఏడాదే సమయం. చెల్లింపు గడువు ముగిసిన నాటి నుంచే ఆ ఏడాది మొదలవుతుంది గనక ఆ తేదీని ఆ రోజే క్యాలెండరు మీద రాసుకోండి.